రెండుసార్లు తట్టి చూడు

సైకిలు షాపు మేడ మీది గది,
జనవరి 11

చిట్టితల్లికి,

నువ్వు పంతులమ్మవయ్యావు! ముందు ఆ మాట రాసేశాను, ఇక మిగతావన్నీ నింపాదిగా రాస్తాను. ఇక్కడ నాకు కాలు నేల మీద నిలవడం లేదు.

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. మొదటిసారి చదివితే అర్థం కాలేదు, రెండోసారి చదివితే నమ్మకం కుదరలేదు, మూడోసారి మీ అత్త చేతికిచ్చి పైకి చదవమన్నాను. ముప్పయ్యేళ్ళు లారీ హారన్ల మధ్య నిలబడిన చెవులు కదా, ఆవిడ చదివింది సగం వినపడలేదు. అయినా మా చెల్లెలి పెదాల మీద నీ మాటలు కదులుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఫోనులో అయితే ఈ భోగం ఉండేదా చెప్పు. ఫోనులో నాకు గాలి తప్ప ఏమీ వినపడదు.

అంత పెద్ద గోదాములో పన్నెండుమందిని ఏరారు, అందులో నువ్వొకతెవి. మీరు పెట్టెలు ఎత్తి లారీలో పేర్చడం చూసి ఒక మరచెయ్యి నేర్చుకుంటుంది. నేను ఐదో తరగతితో బడికి దండం పెట్టినవాణ్ణి. నా ఇంట్లోంచి పంతులమ్మ లేచింది. అదీ పిల్లలకి చెప్పే పంతులమ్మ కూడా కాదు, ఇనుముకి చెప్పే పంతులమ్మ.

ఇక నువ్వు పర్మనెంటే. తొమ్మిదేళ్ళు ఆ టెంపరరీ కార్డు మెడలో వేసుకుని తిరిగావు. పంతులమ్మని ఎవరైనా పొమ్మంటారా?

కింద సైకిలు షాపతనికి చెప్పాను. పంక్చరు వేస్తున్నవాడు ఆగి, ఆ మిషను టైరు విప్పగలదా పెద్దాయనా అని అడిగాడు. అసూయ, అంతే. మీ అత్తకి వేరే చెప్పక్కర్లేదు, ఆవిడ నోట్లో ఏదీ నానదు, ఈపాటికి వీధి చివరిదాకా తెలిసిపోయి ఉంటుంది. సాయంత్రం చదరంగానికి మీ పొడుగు మావయ్య ఇంటికి వెళ్ళి, కూర్చోకుండానే చెప్పేశాను. ఆయన నా ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి, "బావా, ముందు గుర్రం జరుపు, తర్వాత సంతోషిద్దువుగాని," అన్నాడు. ఆ కుంటికాలు బల్ల కింద చాపుకుని నన్ను మూడు ఆటలు వరసగా ఓడించాడు. ఓడిపోతూ కూడా నవ్వుతూనే ఉన్నాను.

ఒక్కమాట తల్లీ. నేర్పేటప్పుడు ఏదీ దాచుకోకు. బరువు మోకాళ్ళతో లేపాలని చెప్పు. దానికి మోకాళ్ళు లేవంటావా, ఏదుంటే దాంతోనే లేపమను. అన్నిటికంటే ముఖ్యం, ఎత్తే ముందు రెండుసార్లు తట్టడం. నీకు తొమ్మిదేళ్ళప్పుడు బడి వదిలాక నా క్యారేజీ పట్టుకుని లోడింగు అరుగు మీదికి వచ్చేదానివి. నేను వేలి కణుపులతో పెట్టె తట్టి, నిండా గుల్లా అని అడిగేవాణ్ణి. బరువు చూసి అది తెలియదు. బరువైన వస్తువు అడుగున కూర్చుని పైనంతా గాలే ఉండొచ్చు. అలాంటి గుల్లపెట్టె అడుగు వరసలో పడితే పైనున్న దొంతరంతా దాని మీద కూలుతుంది, లారీ తలుపు తీసినవాడి నెత్తిన పడుతుంది. నెల తిరక్కుండా నువ్వు నాకంటే బాగా చెప్పడం మొదలుపెట్టావు. ఆ విద్య ఇప్పుడు మిషనుకి వెళ్తోంది. నాకింకేం కావాలి?

అది నిన్ను ఏమని పిలుస్తుంది? రాయి.

నాన్న


హాస్టలు మూడో అంతస్తు, కిటికీ పక్క మంచం,
ఫిబ్రవరి 16

నాన్నకి,

నీ ఉత్తరం ఆలస్యంగా చదివాను. వచ్చిన వారం రోజులకి కవరు చించాను. బద్ధకం అనుకోకు. షిఫ్టు అయ్యాక చేతులు పైకి లేవవు.

అది నన్ను ఏమనీ పిలవదు నాన్నా. దానికి నోరు లేదు. భుజం, మోచెయ్యి, మణికట్టు ఉన్నాయి, వేళ్ళ చోట నాలుగు రబ్బరు కప్పులున్నాయి. దాన్ని పసుపు కంచె వెనక నిలబెట్టారు. మేము కంచెకి ఇవతల బెల్టు దగ్గర. వైర్లు కుట్టిన గ్లౌజులు వేసుకోమంటారు, నెత్తి మీద అయిదు కెమెరాలు. మామూలుగా పని చేసుకుపోవాలి, అంతే. కానీ ఎవరో చూస్తుంటే మామూలుగా చేయడం ఎంత కష్టమో నాకిప్పుడు తెలిసింది. ముక్కు గోక్కున్నా అది కూడా నేర్చుకుంటుందేమోనని కత్తెరక్క గోక్కోవడమే మానేసింది. కత్తెరక్క అంటే మా లైన్లో టేపు కోసే ఆవిడ, అందరికంటే పెద్దది.

ఇంజనీరమ్మ మంచిదే. నాకంటే చిన్నది, కళ్ళద్దాలు, మనిషి ఎప్పుడూ నిద్ర లేనట్టుంటుంది. మమ్మల్ని మీరు అని పిలిచింది ఈ గోదాములో ఆవిడొక్కతే.

ఒక విశేషం చెప్పాలి. మొన్న మొదటిసారి మరచేతిని తనంతట తానుగా పెట్టెలు ఎత్తమని వదిలారు. అది బెల్టు మీదికి వంగింది, కప్పులు ముడిచింది, పెట్టెని రెండుసార్లు తట్టింది. తర్వాతే ఎత్తింది. రెండో పెట్టె కూడా అంతే. టక్ టక్, ఎత్తడం. టక్ టక్, ఎత్తడం. నావైపు చూసి పన్నెండుమందీ ఒకటే నవ్వు. కత్తెరక్క కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, "ఇది అచ్చం మీ నాన్న పోలికేనే," అంది. నిన్ను ఎప్పుడూ చూడకపోయినా ఆ మాట అంది. నీ గురించి అంత చెప్పాను.

పర్మనెంట్ అని నేను రాయలేదు నాన్నా. శిక్షణ లైన్లో వేశారని రాశాను. నువ్వు అందరికీ ఆ మాట చెప్పకుండా ఉంటే బాగుండేది.

ఉతికిన బట్టలు తడిగానే ఉన్నాయి, ఇక్కడ నాలుగు రోజులుగా వాన. అత్త మోకాలు ఎలా ఉంది?

చిట్టి


సైకిలు షాపు మేడ మీది గది,
మార్చి 3

చిట్టితల్లికి,

తట్టిందా! రెండుసార్లు!

నా చెవులు పోయి పదేళ్ళయింది, అయినా ఆ చప్పుడు నాకిక్కడికి వినపడింది. నేను పోయాక కూడా ఎక్కడో ఒక ఇనపచెయ్యి నాలా తడుతూ ఉంటుందన్నమాట. నా కణుపులు అరిగిపోయాయి, దానివి అరగవు. మీ అత్త నన్ను చూసి, ఈయనకి ఉన్న మతి కూడా పోయిందని సైగ చేసింది. పోతే పోయింది.

పర్మనెంట్ సంగతి అందరికీ చెప్పేశాను, ఇప్పుడు వెనక్కి తీసుకోవడం ఎలా? ఇవాళ కాకపోతే రేపు అవుతుంది. ఇంత చేశాక ఎందుకు కాదు? నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, పండు చేతిలో ఉన్నా పుల్లగా ఉంటుందేమోనంటావు.

నేను ఇక్కడ అన్నీ తడుతున్నాను. నీళ్ళ డ్రమ్ము, రొట్టె, తలుపు. వినపడకపోయినా నిండో గుల్లో వేళ్ళకి తెలుస్తుంది. రొట్టెల కొట్టు ఆయన, కొనేవాడివా పరీక్ష చేసేవాడివా అని విసుక్కున్నాడు. నా కూతురు ఈ విద్య మిషనుకి నేర్పింది తెలుసా అన్నాను. అందరికీ చెప్తున్నావుగా, తెలిసింది అన్నాడు.

మీ పొడుగు మావయ్యకి కూడా చెప్పాను. ఆయన నవ్వుతాడనుకున్నాను, నవ్వలేదు. జరపబోయిన ఏనుగుని మళ్ళీ పాత గడిలోనే పెట్టాడు. తర్వాత, "బావా, అది తడుతుంది సరే. దానికి వినపడుతుందా?" అని అడిగాడు.

వినపడుతుందనే అనుకుంటాను. లేకపోతే ఎందుకు తడుతుంది? ఆయనకి చెప్పాలి, నువ్వు రాయి.

అత్త మోకాలికి వేడినీళ్ళ కాపడం పెడుతోంది. నడిచేటప్పుడు తిడుతుంది, కూర్చున్నప్పుడు తిట్టదు, కాబట్టి బాగానే ఉన్నట్టు.

నాన్న


హాస్టలు మూడో అంతస్తు,
ఏప్రిల్ 9

నాన్నా,

మావయ్య అడిగింది సరైన ప్రశ్న. దానికి వినపడదు.

అది నా చేతిని చూసింది కానీ చెవిని చూడలేదు. తట్టి, గుల్లపెట్టెనైనా నిండుపెట్టెనైనా ఒకేలా ఎత్తి అడుగు వరసలో పెట్టేది. ఆ చప్పుడు దానికి ముక్కు గోక్కోవడంలాంటిదే.

ఇది నీకు ముందే రాయాల్సింది. ఇంకొకటి కూడా రాయాల్సింది, రాయలేదు. కాగితం మీద సంతకం పెట్టిన రోజే చదివాను, శిక్షణ ముగిసేవరకు అని ఉంది. ముగిశాక ఏమిటని అడిగితే సూపర్‌వైజరు, అది పైవాళ్ళు చూసుకుంటారన్నాడు. పోయిన వారం పైవాళ్ళు చూసుకున్నారు. జూలై ఆఖరుకి మా లైను ఎత్తేస్తారు. పన్నెండుమందీ ఇంటికే. నువ్వు అంత సంతోషంగా రాస్తుంటే ఆ మాట రాయడానికి నాకు చెయ్యి ఆడలేదు.

అసలు సంగతి వేరే ఉంది. అది చెప్పడానికే ఇవాళ సెలవు రోజు కూడా కూర్చుని రాస్తున్నాను.

ఇంజనీరమ్మ నన్ను పక్కకి పిలిచి, మీరు ఎందుకు తడతారు, దీనివల్ల పెట్టెకి రెండు సెకన్లు పోతున్నాయి అని అడిగింది. నేను, అలవాటండీ అన్నాను. ఆ ఒక్క మాటే అన్నాను. వాళ్ళు తట్టడం కోసేశారు. ఇప్పుడు అది నేరుగా ఎత్తుతుంది.

ఎందుకు అలా చెప్పానంటే, నిజం చెప్తే దానికొక చెవి తగిలిస్తారు. అప్పుడు మాతో వాళ్ళకి ఒక్క పని కూడా మిగలదు. గుల్లపెట్టెలు కూలడం మొదలైతే వాళ్ళే మమ్మల్ని మళ్ళీ పిలుస్తారని కత్తెరక్క లెక్క. లైన్లో సగంమందిది అదే మాట. మన చేతిలో మిగిలింది అదొక్కటే, దాన్ని కూడా ఊరికే ఇచ్చేస్తావా అంటున్నారు. వాళ్ళు అంటున్నది తప్పని నేను అనలేను. మరచెయ్యి లారీలు నింపడం మొదలై మూడు వారాలైంది.

మొన్న ఒక లారీ డ్రైవరు టీ దగ్గర కనపడ్డాడు. మరచెయ్యి నింపిన లోడు అవతలి ఊళ్ళో తలుపు తీయగానే జారిందట. దించే ఆవిడకి భుజం ఎముక విరిగింది. మా ఆఫీసుకి వచ్చిన రిపోర్టు చూశాను. పద్నాలుగు పెట్టెలు దెబ్బతిన్నాయని ఉంది. ఏ వస్తువు, ఎన్ని, పనికొస్తాయా రావా, అన్నిటికీ గళ్ళున్నాయి. మనిషికి గడి లేదు నాన్నా. ఆవిడ ఆ కాగితంలో ఎక్కడా లేదు.

ఆవిడ ఎవరో నాకు తెలియదు. నేను ఎవరో ఆవిడకి తెలియదు. నేను తట్టకుండా లోడు పంపలేదు, కానీ తట్టడం ఎందుకో చెప్పలేదు.

చెప్తే పన్నెండుమంది పొయ్యిలో నీళ్ళు పోసినదాన్ని అవుతాను. చెప్పకపోతే ఇంకో లారీ వెళ్తుంది. అన్నం తింటున్నా అదే ఆలోచన. నువ్వయితే ఏం చేస్తావు? గొప్పలు వద్దు నాన్నా, నిజంగా నువ్వయితే ఏం చేస్తావో రాయి.

చిట్టి


సైకిలు షాపు మేడ మీది గది,
ఏప్రిల్ 28

చిట్టితల్లికి,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. మూడుసార్లు రాసి చించాను. మీ అత్త, కాగితాలు ఊరికే వస్తున్నాయా అని ఒకసారి అరిచి, నా ముఖం చూసి కొత్త కాగితాలు తెచ్చిపెట్టింది.

నువ్వయితే ఏం చేస్తావు అని అడిగావు. నేనేం చేశానో రాస్తాను.

నువ్వు పుట్టక ముందు ఏడాది. నేను అప్పుడు పేర్చేవాళ్ళకి పెద్దని. ఒక సాయంత్రం లారీ బయల్దేరడానికి ఆలస్యమైంది, డ్రైవరు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. అడుగు వరసలో ఒక పెట్టె పెట్టాలి. చేతిలోకి తీసుకోగానే తెలిసింది, అది గుల్ల. అప్పటికి తట్టే అలవాటు లేదు, ఎత్తితేనే లోపల వస్తువు దొర్లి తెలిసిపోయింది. వెనక్కి వెళ్ళి ఇంకొకటి తేవాలంటే నూరడుగులు నడవాలి. నేను నడవలేదు. దాన్నే పెట్టి పైన దొంతర కట్టేశాను.

అవతలివాళ్ళు ఆ సరుకు మాది కాదన్నారు. రెండు రోజులకి లారీ అలాగే తిరిగి మా అరుగు దగ్గరికే వచ్చింది. దించేవాళ్ళలో మీ అమ్మకి అన్నయ్య ఉన్నాడు. తలుపు తీసింది అతనే. ఆ కాలు అప్పుడు పోయింది.

రోడ్డు గతుకులని అందరూ అన్నారు. నేనూ అన్నాను. అందరికంటే గట్టిగా అన్నాను. మీ అమ్మకి చెప్పలేదు, ఆవిడ పోయేదాకా చెప్పలేదు. అతనికీ చెప్పలేదు. ముప్పయ్యేడేళ్ళుగా రోజూ సాయంత్రం వెళ్ళి ఆ చాపిన కాలు పక్కన కూర్చుని చదరంగం ఆడుతున్నాను. అతను గెలిస్తే నాకు కాస్త నిద్ర పడుతుంది.

తట్టడం ఆ తర్వాత వచ్చింది. రెండుసార్లు ఎందుకు నాన్నా, ఒకసారి చాలదా అని చిన్నప్పుడు అడిగావు. అది అంతే అన్నాను. మొదటిది వినడానికి తల్లీ. రెండోది, విన్నానని ఒప్పుకోవడానికి.

పని పోగొట్టుకోమని నీకు చెప్పే ముఖం నాకు లేదు. మీ లైనువాళ్ళ పొయ్యి సంగతి నేను చూడలేను. అందుకని ఇలా చెయ్యి అని రాయను. నూరడుగులు నడవకపోతే ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలుసు, అది రాశాను.

ఒక్కర్తివీ వెళ్ళకు. ఏం చేసినా పన్నెండుమందీ వెళ్ళండి.

ఈ ఉత్తరం చించెయ్యి. మావయ్యకి ఈ సంగతి నీ నోట తెలియకూడదు.

నాన్న


హాస్టలు మూడో అంతస్తు,
జూన్ 30

నాన్నా,

చించలేదు. పెట్టె అడుగున పెట్టాను.

నీ ఉత్తరం వచ్చిన వారమంతా లైన్లో మాటలే. నీ సంగతి చెప్పలేదు. భుజం విరిగిన ఆవిడ సంగతే చెప్పాను. డ్రైవరుని అడిగి ఆవిడ ఎలా ఉందో కనుక్కున్నాను. చెయ్యి కట్టులోనే ఉంది, పనిలోంచి తీసేశారు. కత్తెరక్క చేతిలో కత్తెర బెల్టు పక్కన పెట్టింది. తర్వాత, "సరే పదండి. కానీ ఊరికే చెప్పేది లేదు," అంది.

పన్నెండుమందీ షిఫ్టు మధ్యలో బెల్టు వదిలి ఇంజనీరమ్మ గదికి వెళ్ళాం. ఆ గదిలో పన్నెండుమంది పట్టరు. ముగ్గురు లోపల, మిగతావాళ్ళు గుమ్మంలో. చెప్పడానికి ముందు మూడు అడిగాం. లైనుని ఉంచాలి. మరచెయ్యి పక్కన పెట్టిన గుల్లపెట్టెని మనిషే విప్పి సర్దాలి. రిపోర్టులో మనిషికి గడి పెట్టాలి. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చి బెదిరించాడు. బెల్టు ఆగిపోయి పెట్టెలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి, ఆ చప్పుడుకి పైవాళ్ళు కూడా దిగొచ్చారు. నాలుగు రోజులు పిలవడం, కూర్చోబెట్టడం, పంపెయ్యడం.

చివరికి గడి పెట్టారు. గుల్లపెట్టెలు సర్దడానికి మనుషులని ఉంచుతామన్నారు. పన్నెండుమందిని కాదు, నలుగురిని. అంతకంటే రాలేదు నాన్నా. మేము బలంగా లాగలేదేమో, లాగినా వచ్చేది కాదేమో, తెలియదు.

ఆ తర్వాతే చెప్పాను. ఇంజనీరమ్మ విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. మొదటే ఎందుకు చెప్పలేదని అడగలేదు, ఆవిడకి తెలిసే ఉంటుంది. మరచేతికి చిన్న మైకు బిగించారు. మూడు వారాలు నేను పెట్టె తట్టి నిండు, గుల్ల అంటూ కూర్చున్నాను. ఆరువేల పెట్టెలు. రాత్రి కలలో కూడా నిండు, గుల్ల. గొంతు పోయింది.

నిన్న అది తనంతట తాను తట్టింది. ఆగింది. ఒక పెట్టెని ఎత్తకుండా పక్కకి తోసింది. విప్పి చూస్తే అడుగున చిన్న మోటారు, పైన జానెడు గాలి. ఎవరూ నవ్వలేదు. కత్తెరక్క నా వీపు మీద చెయ్యి వేసి కాసేపు అలాగే ఉంచింది.

ఆ నలుగురిలో నేను లేను. గంటకి ఎన్ని పెట్టెలు ఎత్తారో చూసి ఏరారు. నా లెక్క తక్కువ. తట్టడం వల్ల తక్కువ. ఇంజనీరమ్మ పైవాళ్ళతో వాదించిందట, కుదరలేదు. కత్తెరక్క ఉంది, నాకదే చాలు.

ఓడరేవు దగ్గర దించే పని ఉందని డ్రైవరు చెప్పాడు. అక్కడ ఇంకా మనుషులే దించుతారు, ఎన్నాళ్ళో తెలియదు. మా గోదాము లారీలు వెళ్ళేది అక్కడికే. భుజం విరిగిన ఆవిడ చోటు ఖాళీగా ఉంది. వెళ్తున్నాను. నేను నేర్పినదాని కింద నేనే నిలబడతాను.

అలసిపోయాను నాన్నా. పడుకుంటాను.

చిట్టి


ఓడరేవు, అయిదో షెడ్డు వెనక గది,
ఆగస్టు 14

నాన్నకి,

చిన్న ఉత్తరమే. ఇక్కడ బల్ల లేదు, ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

మళ్ళీ టెంపరరీ కార్డే, ఈసారి నీలం రంగు. నడుం నొప్పి. మాతో పాటు దించే ముసలాయన ఒకడున్నాడు, ఉత్తరాల్లో నువ్విచ్చినట్టే అందరికీ సలహాలిస్తాడు.

ఇవాళ మా పాత గోదాము లారీ వచ్చింది. తలుపు నేనే తీస్తానన్నాను. గడియ తీసే ముందు మిగతావాళ్ళని వెనక్కి జరగమన్నాను. తలుపు తెరిచాను. ఏదీ జారలేదు. గోడ కట్టినట్టు నిలబడి ఉంది దొంతర. ముసలాయన, ఏమిటమ్మా ఆలస్యం అంటున్నా వినకుండా కూర్చుని అడుగు వరసంతా తట్టాను. ఒక్కొక్కటీ రెండుసార్లు.

నిండు నాన్నా. అన్నీ నిండు.

భుజం విరిగిన ఆవిడ నిన్న షెడ్డులో ఉండిపోయిన తన పాత కార్డు తీసుకోవడానికి వచ్చింది. మిషనుకి నేర్పిందాన్ని నేనే అని, మొదట చెప్పలేదని చెప్పాను. ఆవిడ, మంచినీళ్ళున్నాయా అని అడిగింది. ఇచ్చాను. తాగి వెళ్ళిపోయింది.

చిట్టి


సైకిలు షాపు మేడ మీది గది,
ఆగస్టు 21

చిట్టితల్లికి,

అన్నీ నిండు! ఈ మాట పైన రాసి, దాని కింద గీత కూడా గీశాను చూడు.

నీ ఉత్తరం గుమ్మంలోనే నిలబడి చదివాను. పోస్టు తెచ్చినతను సంతకం కోసం చూస్తూ నిలబడ్డాడు, అతనికీ చదివి వినిపించాను. అతనికేం అర్థమైందో తెలియదు, మంచిదండీ అని వెళ్ళాడు.

నువ్వు పర్మనెంటు కాలేదు. సరే. జనవరిలో ఊరంతా తిరిగి అయిందని చెప్పొచ్చిన ముసలాణ్ణి నేనే, ఇప్పుడు మళ్ళీ తిరిగి కాలేదని చెప్పాలి. చెప్తాను, నాకేం సిగ్గు లేదు. తొమ్మిదేళ్ళు చేసిన చోట నిన్ను ఉంచుకోలేదని చెప్తాను, వెళ్ళే ముందు నువ్వేం చేశావో కూడా చెప్తాను. నిన్న పడుకుంటే ఒళ్ళంతా నొప్పులు, నీ నడుం నొప్పి కూడా నాకే వచ్చినట్టుంది. అయినా నా అంత సంతోషంగా ఉన్నవాడు ఈ వీధిలో ఇంకొకడు లేడు. రెండూ ఒకేసారి ఎలా ఉంటాయో నాకు తెలియదు, ఉన్నాయి.

ఆవిడ నీళ్ళు తాగి వెళ్ళిందని రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను తల్లీ. నువ్వు ఆ ఊళ్ళో కాలు పెట్టిన నెలలోపే చెప్పావు. నేను ముప్పయ్యేడేళ్ళు పావులు జరుపుతూ కూర్చున్నాను.

నడుముకి గట్టిగా బట్ట కట్టుకో. ఆ ముసలాయన సలహాలు విను, ముసలివాళ్ళు ఊరికే చెప్పరు. సగం ఊరికే చెప్తారు.

ఇక ఎవరెవరికి చెప్పాలో రాసి పెట్టుకున్నాను, ఒకరు మిగిలినా మాట వస్తుంది. మీ అత్తకి, ఆవిడకి చెప్తే సగం పని అయిపోయినట్టే. మీ పెదనాన్నకి, ఉత్తరం రాయాలి, ఆయనకి పెద్ద అక్షరాలు కావాలి. మీ చిన్నపిన్నికి, పర్మనెంట్ అని స్వీట్లు పంచింది పాపం, ముందు ఆవిడకి చెప్పాలి. బాబాయి కొడుకులిద్దరికీ, పెద్దవాడు వేరే గోదాములో ఉన్నాడు, అడుగు వరస తట్టమని చెప్పాలి. మీ అమ్మ మేనత్తకి, వినపడదు, నేనూ ఆవిడా ఎలాగో తిప్పలు పడతాం. సైకిలు షాపతను చుట్టం కాదు, అయినా చెప్పాలి.

మీ పొడుగు మావయ్యకి మాత్రం ఎవరూ చెప్పొద్దు, అత్తకి కూడా గట్టిగా చెప్తాను. అతనికి నీ సంగతీ నా సంగతీ రెండూ చెప్పాలి. అయిదింటికి నేనే వెళ్తున్నాను. ఇవాళ చదరంగం పెట్టె ఇంట్లోనే ఉంచి వెళ్తాను.

నాన్న